మొదట చెప్పినవాడే మొదట మునిగిపోతుంటే

2025 ఫిబ్రవరి మొదటి వారంలో ఒకరోజు, ఇంకా తెల్లవారకముందే, మా చిన్నాన్న ఫోన్ చేశారు. తణుకు దగ్గరి ఒక పల్లెలో ఆయనకు రెండు లేయర్ (గుడ్ల కోళ్ల) షెడ్లు ఉన్నాయి. పశువైద్యుడిగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విరమించిన నాకు, ఆ వేళప్పుడు ఆయన ఫోన్ చేశారంటేనే సంగతి సగం అర్థమైంది. వెళ్లేసరికి షెడ్డులో చప్పుడు లేదు. వేల కోళ్లున్న షెడ్డులో తెల్లవారుజామున నిలబడితే పక్కమనిషి మాట వినిపించదు. ఆ రోజు మాత్రం గొట్టంలోంచి కారుతున్న నీటి చుక్కల శబ్దం వినిపించింది. తొట్లలో ముందురోజు వేసిన దాణా వేసినట్టే ఉంది. తురాయిలు నల్లబడి, కాళ్ల మీద ఎర్రటి మచ్చలతో, బోనుల్లో ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి కోళ్లు చచ్చి ఉన్నాయి. బతికున్నవి మెడలు వాల్చి నిలబడ్డాయి. కొక్కెర తెగులేమోనని చిన్నాన్న అన్నారు గాని, ఆ మాట ఆయనే నమ్మడం లేదని ముఖం చెబుతూనే ఉంది.

అధికారులకు కబురు చేద్దామని నేనంటే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "ఇప్పుడు నేను చెప్పేశాననుకో, చుట్టూ కిలోమీటరు దాకా ఉన్న షెడ్లన్నీ ఖాళీ చేయిత్తారు. రేపు ఆళ్లందరూ నా మొకం చూత్తారా, అబ్బాయ్?"

ఆ భయంలో అబద్ధమేమీ లేదు. మన దేశంలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయితే చుట్టూ ఒక కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపి, సున్నం చల్లి పూడ్చిపెడతారు. పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. ప్రభుత్వం చంపించిన కోడికి పరిహారం ఉంది, రోగంతో చచ్చిన కోడికి లేదు. ఎంత తొందరగా చెబితే అంత ఎక్కువ పరిహారం దక్కేలా ఈ నియమాన్ని రాసి ఉంటారు. కానీ ధర పడిపోవడానికి, నెలల తరబడి షెడ్డు ఖాళీగా ఉండడానికి, ఇరుగుపొరుగుతో మాటలు పోవడానికి పరిహారం ఎవరూ ఇవ్వరు. పైగా ముందురోజు సాయంత్రమే ఒక వ్యాపారి వచ్చి, బతికున్నవాటిని సగం ధరకు ఎత్తుకుపోతానని అడిగి వెళ్లాడట. చిన్నాన్న ఒప్పుకోలేదు. ఆ పూటంతా నలిగిపోయి, మధ్యాహ్నం భోజనాల వేళకు చెప్పారు. మాస్కులు, తెల్లటి తొడుగులు వేసుకుని మనుషులు వచ్చారు. గొంతులోంచి, మలద్వారంలోంచి స్వాబ్‌లు తీసి, చిన్న చిన్న సీసాల్లో పెట్టి, ఐస్ ప్యాకుల మధ్య థర్మోకోల్ పెట్టెలో సర్దారు. పెట్టె మీద రాసిన చిరునామా భోపాల్‌లోని జంతువ్యాధుల ప్రయోగశాలది. కొద్ది రోజుల్లో బర్డ్ ఫ్లూ తేలిన ఊళ్లుగా వేల్పూరు, కానూరు పేర్లు పత్రికల్లోకి ఎక్కాయి.

తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా చిన్నాన్న తటపటాయించిన ఆ కొన్ని గంటల గురించే ఈ వ్యాసం. దేశాలు కూడా సరిగ్గా అలాగే తటపటాయిస్తాయి, కాకపోతే గంటలకు బదులు వారాలు, నెలలు. ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ) నిఘాలో దేశాల మధ్య సహకారం అనగానే మనకు సమావేశాలు, ఒప్పందాలు, ఫొటోలు గుర్తొస్తాయి. ఇన్నేళ్ల పనిలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం వేరు. మొదట చెప్పినవాడు మొదట నష్టపోకుండా చూసుకోవడమే ఆ సహకారం. ఆ ఒక్క ఏర్పాటు లేకపోతే మిగిలినదంతా కాగితం మీదే ఉండిపోతుంది. మన దక్షిణాసియాలో ఇప్పటికీ లేనిది అదే.

ఈ రోగం మన ప్రాంతంలో ఎలా నడిచిందో ఒకసారి వరసగా చూడండి. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 వైరస్ మన దేశంలో మొదటిసారి బయటపడింది. 2007లో బంగ్లాదేశ్‌లో, ఢాకాకు ఆనుకుని ఉన్న సావర్ ప్రాంతపు ఫారాల్లో కనిపించింది. 2008 జనవరిలో పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాలో మొదలై జిల్లా తర్వాత జిల్లాగా పాకింది; ఆ రాష్ట్రంలో దాదాపు 40 లక్షల కోళ్లను, బాతులను చంపాల్సి వచ్చింది. 2009 జనవరిలో నేపాల్ తూర్పు కొసన, మేచీ నది ఒడ్డున, ఝాపా జిల్లాలో తేలింది. 2010లో భూటాన్ వంతు: మన జైగావ్‌కు గేటు అవతలే ఉన్న ఫుంత్సోలింగ్ దగ్గర. ఏడాదికొక గుమ్మం చొప్పున తట్టుకుంటూ పోయినట్టుంది. ప్రతిచోటా అధికారులు దాన్ని కొత్త సంఘటనగానే ఎదుర్కొన్నారు, ప్రతిచోటా మొదటి కొన్ని రోజులు ఇది అదేనా కాదా అన్న సందిగ్ధంలోనే గడిచాయి. పక్క దేశంలో అప్పటికే ఒక ఏడాదిగా కోళ్లను పూడుస్తున్న పశువైద్యులు ఉన్నారు. వాళ్లకు తెలిసినది వీళ్లకు తెలియడానికి ఒక దారి ఉండాల్సింది.

దీనికి చాలామంది చెప్పే సమాధానం వలస పక్షులు. ఆకాశంలో ఎగిరే పక్షికి సరిహద్దు ఏమిటి, ఎన్ని ఒప్పందాలు రాసుకుంటే మాత్రం ఏం లాభం అంటారు. అందులో నిజం లేకపోలేదు. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సులో వేల అడవి పక్షులు ఈ వైరస్‌తో చచ్చిపోయాయి; వాటిలో తల మీద రెండు నల్ల పట్టీలుండే బాతులు ఎక్కువ. హిమాలయాలను దాటి మన దేశానికి చలికాలం గడపడానికి వచ్చే బాతులు అవి. 2020 డిసెంబర్ చివర, 2021 జనవరిలో హిమాచల్‌లోని పాంగ్ డ్యామ్ దగ్గర వేలల్లో రాలిపోయినవీ అవే. మా పశ్చిమ గోదావరి వాళ్లకు కొల్లేరు పక్కనే ఉంది కాబట్టి ఈ మాట తేలిగ్గా నమ్మబుద్ధి అవుతుంది. కానీ పక్షి వైరస్‌ను ఒక చెరువు దాకా తెస్తుంది, అంతే. ఆ చెరువు నుంచి సంతకు, సంత నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి పక్క జిల్లాకు తీసుకెళ్లేది మనిషి: కడగని ట్రేలు, కడగని లారీ టైర్లు, గుడ్లు పెట్టడం మానేసిన ముసలి కోళ్ల బేరం, సగం ధరకు ఎత్తుకుపోయే వ్యాపారి. బంగ్లాదేశ్‌తో మనకు 4,096 కిలోమీటర్ల సరిహద్దు ఉంది, నేపాల్‌తో దాదాపు 1,750 కిలోమీటర్ల తెరిచిన సరిహద్దు ఉంది. అటు ధర ఎక్కువైతే కోడి అటు పోతుంది, ఇటు ఎక్కువైతే ఇటు వస్తుంది. నిషేధం విధిస్తే పగలు పోయేది రాత్రి పోతుంది. వలస పక్షిని ఆపలేమన్నది నిజమే. దాన్ని సాకుగా చూపి, ఆపగలిగినదాన్ని వదిలేయడమే తప్పు.

ఇక మనుషుల సంగతి. 2024లో జరిగిన ఒక ఉదంతం నా మనసులోంచి పోవడం లేదు. రెండున్నరేళ్ల పాప కుటుంబంతో కలిసి ఫిబ్రవరిలో కోల్‌కతా వచ్చి, మార్చి 1న ఆస్ట్రేలియా తిరిగి వెళ్లింది. మర్నాడే విక్టోరియా రాష్ట్రంలో ఆసుపత్రిలో చేర్చారు, తర్వాత మెల్‌బోర్న్‌లో ఐసీయూలో ఉంచారు. పాప కోలుకుంది. మామూలు ఇన్‌ఫ్లుయెంజా ఎ అనుకున్న ఆ నమూనాను మెల్‌బోర్న్‌లోని ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రంలో లోతుగా పరీక్షిస్తే హెచ్5ఎన్1 అని తేలింది. మే నెల 22న ప్రకటించారు. ఆస్ట్రేలియాలో మనిషికి హెచ్5ఎన్1 సోకినట్టు తేలడం అదే మొదటిసారి. ఆ వైరస్ 2.3.2.1ఎ అనే శాఖకు చెందినది. అది ఆస్ట్రేలియాది కాదు. మన దేశంలో, బంగ్లాదేశ్‌లో కోళ్లలో ఏళ్ల తరబడి తిరుగుతున్న శాఖ. ఫ్లూ వైరస్‌కు జన్యువులు ఎనిమిది ముక్కలుగా ఉంటాయి. రెండు వైరస్‌లు ఒకే ప్రాణిలో కలిస్తే ఆ ముక్కలు పేకముక్కల్లా కలగలిసిపోతాయి. ఈ పాపలో దొరికిన వైరస్‌లో ఇప్పుడు ప్రపంచమంతా పక్షులను చంపుతున్న 2.3.4.4బి శాఖ ముక్కలు కూడా ఉన్నాయి. అంటే ఆ కలగలుపు ఈ ప్రాంతంలోనే ఎక్కడో, ఎవరూ చూడని ఒక సంతలోనో, ఒక పెరట్లోనో జరిగి ఉండాలి. ఆ వైరస్‌కు ఇప్పుడున్న పేరు ఎ/విక్టోరియా/149/2024. టీకాల తయారీకి విత్తనంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన వైరస్‌లలో అదీ చేరింది.

పేరులో విక్టోరియా ఉండడం నియమం ప్రకారం సరే, నమూనా అక్కడ తీశారు కాబట్టి. నన్ను బాధపెట్టేది అది కాదు. మన ప్రాంతపు కోళ్లలో తిరిగే వైరస్ మనుషుల్లోకి వచ్చిందని మనకు చెప్పినది తొమ్మిది వేల కిలోమీటర్ల అవతలి ప్రయోగశాల. ఆ పాప ప్రయాణం చేయకపోయి ఉంటే, కోల్‌కతాలోనో, బంగ్లాదేశ్‌లోని ఖుల్నాలోనో ఒక మామూలు న్యుమోనియాగా చీటీ మీద రాసి ఉండేవారేమో. మనకు చూసే కళ్లు లేవని నేననను. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ హెచ్5 వైరస్‌లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన ప్రయోగశాల. భోపాల్‌లోని అత్యున్నత భద్రత గల జంతువ్యాధుల సంస్థకు పక్షి ఫ్లూ విషయంలో అంతర్జాతీయ గుర్తింపు ఉంది. ఢాకాలో అంటువ్యాధుల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న పరిశోధన సంస్థలున్నాయి. తెలివీ ఉంది, యంత్రాలూ ఉన్నాయి. వీటి మధ్య తీగ లేదు.

నేపాల్ ఉదంతం ఇంకా సూటిగా చెబుతుంది. 2019 మార్చి 29న కాఠ్మాండూలో 21 ఏళ్ల యువకుడు చనిపోయాడు. ఆ నమూనాను జపాన్‌లోని సహకార కేంద్రానికి పంపారు. హెచ్5ఎన్1 అని ఫలితం వచ్చింది ఏప్రిల్ 30న, మనిషి పోయిన నెల రోజుల తర్వాత. నేపాల్‌లో ఈ రోగంతో మనిషి చనిపోవడం అదే తొలిసారి. టోక్యోతో పోలిస్తే పుణె ఎంత దగ్గరో పటం తీసి చూడక్కర్లేదు. టోక్యో కేంద్రం తన పని తాను చేసింది, దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ సొంత పొరుగున ప్రయోగశాల ఉండగా ఒక చిన్న దేశం తన నమూనాను సముద్రాలు దాటించిందంటే, మన వైపు తలుపు ఆ దేశానికి సులువుగా తెరుచుకునేదిగా ఉందా అని ముందు మనల్ని మనమే అడగాలి. జీవ నమూనాలు దేశం దాటాలంటే రెండు వైపులా అనుమతులు, కస్టమ్స్, విమాన సంస్థ నిబంధనలు ఉంటాయి. మనిషి ఐసీయూలో ఉన్నప్పుడు ఆ అనుమతుల కోసం ఫైలు కదిలించడం మొదలుపెడితే నెల పడుతుంది. ఏ రోగమూ లేని ప్రశాంతమైన రోజున ఆ కాగితాలన్నీ సంతకాలు చేసి పెట్టుకుంటే రెండు రోజులు చాలు.

చెబితే ఏమవుతుందో మన దేశానికి అనుభవం ఉంది. 1994లో సూరత్‌లో ప్లేగు అని వార్త రాగానే కొన్ని దేశాలు మనకు విమానాలు ఆపేశాయి, మన సరుకు వద్దన్నాయి. ఆ దెబ్బ మన ఎగుమతిదారులకు చాలాకాలం గుర్తుండిపోయింది. 2005లో ప్రపంచ దేశాలన్నీ కలిసి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను తిరగరాసుకున్నాయి; 2007 జూన్ 15 నుంచి అవి అమల్లో ఉన్నాయి. కొత్త రకం ఫ్లూ మనిషికి సోకితే, ఒక్కరికే అయినా సరే, నిర్ధారించుకున్న 24 గంటల్లోగా చెప్పి తీరాలి. ఈ నిబంధన ఎంత మంచిదో ఒకటి చూడండి. 2009 మే నెలలో మన దేశపు మొదటి స్వైన్ ఫ్లూ కేసు, న్యూయార్క్ నుంచి దుబాయ్ మీదుగా వచ్చిన యువకుడు, హైదరాబాద్ విమానాశ్రయంలోనే దొరికాడు. అమెరికా, మెక్సికో ఏప్రిల్‌లోనే చెప్పబట్టి కదా, శంషాబాద్‌లో థర్మామీటర్ పట్టుకుని మనుషులు నిలబడి ఉన్నారు! చెప్పినందుకు మెక్సికోకు దక్కినది మాత్రం రద్దయిన విమానాలు, పడిపోయిన పర్యాటకం, వైరస్‌తో సంబంధమే లేని పంది మాంసం మీద నిషేధాలు.

మనం కూడా చెప్పినవాళ్లను శిక్షించినవాళ్లమే. ఇది ఒప్పుకోవాలి. బర్డ్ ఫ్లూ ఉందని ఏ దేశమైనా ప్రకటిస్తే, ఆ దేశం మొత్తం నుంచి కోడి మాంసం, గుడ్లు రాకుండా 2007 నుంచి మనం నిషేధించాం. తీవ్రత తక్కువ రకం వైరస్ ఏదో ఒక మూల కనిపించినా దేశం మొత్తానికి అదే శిక్ష. అమెరికా దీన్ని ప్రపంచ వాణిజ్య సంస్థకు తీసుకెళ్లింది; 2014లో విచారణ సంఘం, 2015లో అప్పిలేట్ సంఘం, రెండూ మన నిషేధం అంతర్జాతీయ ప్రమాణాలకు విరుద్ధమని తేల్చాయి. అమెరికా కోడికాళ్లు మన మార్కెట్లోకి వస్తే మా చిన్నాన్న లాంటివాళ్లు ఏమవుతారన్న ఆందోళన నాకు లేకపోలేదు, అది వేరే చర్చ. కానీ రోగం పేరు చెప్పి వ్యాపారాన్ని ఆపితే, రేపు మన నెల్లూరులోనో తణుకులోనో రోగం వచ్చినప్పుడు, దేశం మొత్తాన్ని కాదు, ఆ మండలాన్నే చూడండని గల్ఫ్ దేశాలను అడిగే నోరు మనకు ఉండదు. 2023లో మన దేశం 26 కోళ్ల ఫారాలను బర్డ్ ఫ్లూ లేని కంపార్ట్‌మెంట్లుగా, అంటే బయటి రోగం సోకకుండా వేరుగా కాపాడుకునే ఫారాలుగా, ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ద్వారా ప్రకటించుకుంది. మహారాష్ట్ర, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ వాటికి చోటు దక్కింది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ముందుండే ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో లేదు. మనం కోరుకునే ఆ పద్ధతినే ఢాకాకు, కాఠ్మాండూకు కూడా వర్తింపజేయాలి. రోగం వచ్చిన జిల్లా నుంచి సరుకు ఆపుదాం, శుభ్రంగా ఉన్న జిల్లా నుంచి రానిద్దాం. అప్పుడే అవతలి అధికారికి నిజం చెప్పే ధైర్యం వస్తుంది.

చెప్పినవాడికి నష్టం జరగడమే కాదు, ఇచ్చినవాడికి ఏమీ మిగలకపోవడం కూడా ఉంది. ఈ సంగతి ఇండోనేషియా ప్రపంచం ముందు పెట్టింది. ఫ్లూ వైరస్‌లను పంచుకోవడానికి 1952 నుంచే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ప్రయోగశాలల అల్లిక ఒకటి ఉంది. ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి, ఏ రకాలతో టీకా చేయాలో నిర్ణయించేది వాటి నుంచి వచ్చిన వైరస్‌లను చూసే. తమ దేశపు హెచ్5ఎన్1 నమూనాతో ఒక విదేశీ కంపెనీ టీకా తయారు చేస్తోందని తెలిసి, ఆ టీకా కొనే స్తోమత తమకు ఉండదని గ్రహించి, అప్పటి ఆరోగ్య మంత్రి సితి ఫాదిలా సుపారి నమూనాలు పంపడం ఆపేశారు. అది 2007 నాటి మాట. ఆ రోజుల్లో ఆ రోగంతో ఎక్కువమంది చనిపోతున్న దేశం అదే. ఆమె చేసింది ప్రమాదకరమని చాలామంది అన్నారు, అదీ నిజమే. నమూనా ఆగిపోతే అందరికీ చీకటే. కానీ ఆమె అడిగిన ప్రశ్న న్యాయమైనది, ఆ ప్రశ్న వల్లే 2011 మేలో మహమ్మారి ఇన్‌ఫ్లుయెంజా సంసిద్ధత ఒప్పందం వచ్చింది. ఈ అల్లిక నుంచి వైరస్ తీసుకునే టీకా కంపెనీలు, మహమ్మారి వచ్చిన రోజున తమ ఉత్పత్తిలో కొంత భాగాన్ని ఉచితంగానో సరసమైన ధరకో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇవ్వడం లాంటి హామీల మీద ముందే సంతకం చేయాలి; ఏటా కొంత సొమ్ము కూడా కట్టాలి. 2025 మేలో ఆమోదం పొందిన మహమ్మారి ఒప్పందం ఇదే సూత్రాన్ని ఇతర రోగాలకూ విస్తరించాలని చూసింది. అందులో కీలకమైన పంపకాల అనుబంధాన్ని మాత్రం తర్వాతి చర్చలకు వదిలేశారు.

పెద్ద ఒప్పందాల కోసం ఎదురుచూడకుండా చిన్నగా మొదలుపెట్టినవాళ్లు మెకాంగ్ నది దేశాలవాళ్లు. కంబోడియా, లావోస్, మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం, చైనా కలిసి 2001లో రోగ నిఘా ఒప్పందం చేసుకున్నాయి. వాళ్ల మధ్య యుద్ధాల చరిత్ర మన మధ్య ఉన్నదానికంటే తక్కువేమీ కాదు. వియత్నాం సైన్యం కంబోడియాలో పదేళ్లు ఉంది. అయినా వాళ్లు రాజధానులతో కాకుండా సరిహద్దు పట్టణాలతో పని మొదలుపెట్టారు. నదికి ఈ ఒడ్డున ఉన్న జిల్లా ఆరోగ్య అధికారి, ఆ ఒడ్డున ఉన్న అధికారి ఒకరినొకరు చూసుకున్నారు, కలిసి శిక్షణ తీసుకున్నారు, ఫోన్ నంబర్లు రాసుకున్నారు. 2007 ఫిబ్రవరిలో వియంటియాన్‌కు చెందిన 15 ఏళ్ల అమ్మాయికి జ్వరం ముదిరితే, మెకాంగ్ దాటించి థాయ్‌లాండ్‌లోని నోంగ్ ఖాయ్ ఆసుపత్రిలో చేర్చారు. లావోస్‌లో హెచ్5ఎన్1 సోకినట్టు తేలిన మొదటి మనిషి ఆమే. మార్చి 7న చనిపోయింది. వైద్యం ఒక దేశంలో, ఇల్లు, కోళ్లు, చుట్టాలు ఇంకో దేశంలో. రెండు దేశాల బృందాలూ కలిసి విచారించాయి. ఆ అమ్మాయిని బతికించలేకపోయారు, కానీ ఇది మీ కేసా, మా కేసా అన్న వాదన దగ్గర పని ఆగిపోలేదు.

మన దగ్గర దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ ఉంది. దాని చివరి శిఖరాగ్ర సమావేశం 2014లో కాఠ్మాండూలో జరిగింది, 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సినది ఆగిపోయింది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు మాత్రం నాయకులు వీడియోలో కలిశారు, మన దేశం కోటి డాలర్లతో అత్యవసర నిధిని మొదలుపెట్టింది. అవసరం తలుపు తడితే కూర్చోగలమని అది చూపించింది, కానీ ఆ పూట తర్వాత ఎవరి దారి వారిది. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పటంలో మనం, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, శ్రీలంక ఢిల్లీ ప్రాంతీయ కార్యాలయం కిందికి వస్తే, పాకిస్తాన్ కైరో కార్యాలయం కిందికి వస్తుంది. అమృత్‌సర్ సంగతి లాహోర్‌కు పద్ధతి ప్రకారం చేరాలంటే ఢిల్లీ, జెనీవా, కైరో తిరగాలి. మధ్య దూరం యాభై కిలోమీటర్లు. పాకిస్తాన్‌తో ఇప్పట్లో ఏదీ కుదరకపోవచ్చు. దాని కోసం మిగిలినవాళ్లతో చేయగలిగింది ఆపుకోవడం నాకు అర్థం కాదు. 2025 జనవరిలో అమెరికా ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకుంటానని నోటీసు ఇచ్చాక ఇది ఇంకా అత్యవసరమైంది. ఫ్లూ నిఘాలో ఏళ్ల తరబడి పెద్ద సహకార కేంద్రాల్లో ఒకటిగా పనిచేసినది అట్లాంటాలోనిదే. ఇన్నాళ్లూ ప్రపంచం సగం బరువు దాని భుజం మీద పెట్టి నిశ్చింతగా ఉంది.

దేశాల మాట దేవుడెరుగు, రాష్ట్రాల మధ్యే ఏం జరిగిందో చూశాను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో రోగం బయటపడగానే తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల్లో ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల లారీలను ఆపి వెనక్కి పంపారు. తెలంగాణ తన రైతులను కాపాడుకోవాలి, అందులో తప్పులేదు. కానీ ఏ మండలం నుంచి వచ్చిన బండి, ఏ మండలంలో రోగం ఉంది అన్న తేడా ఆ చెక్‌పోస్టు దగ్గర పనికిరాలేదు. రోగం జాడే లేని ఊళ్ల నుంచి బయల్దేరిన బండ్లు కూడా కోళ్లతో పాటు ఎండలో నిలబడ్డాయి. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల మధ్య, ఒకే కేంద్రం కింద, ఇంత సమాచారం గంటలో పంచుకోలేకపోతే, పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా అధికారికి, సరిహద్దు అవతల బంగ్లాదేశ్‌లోని చపాయ్ నవాబ్‌గంజ్ అధికారికి మధ్య ఎలా పంచుకుంటామని అనిపించింది. అలాగే వదిలేస్తే ఏమవుతుందో కూడా ఆ తర్వాత కొద్దికాలానికే తెలిసింది. పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో మార్చి నెలలో చనిపోయింది. హెచ్5ఎన్1 అని పుణెలో తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రోగంతో మనిషి ప్రాణం పోవడం అదే మొదలు.

నేను కోరుకునేది పెద్ద భవనం కాదు, కొత్త సచివాలయం కాదు. మన దేశం, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, ఈ నాలుగూ సరిహద్దు జిల్లాలను జతలు జతలుగా కట్టాలి: సిలిగుడికి ఝాపా, జైగావ్‌కు ఫుంత్సోలింగ్, మాల్దాకు అవతలి ఒడ్డు. ప్రతి జతలో ఒక పశువైద్యుడు, ఒక ఆరోగ్య అధికారి ఇటూ అటూ ఉండాలి. నెలకొకసారి సంతలో కలిసి నమూనాలు తీయాలి. మనుషుల డాక్టర్లు, జంతువుల డాక్టర్లు విడివిడిగా కూర్చునే అలవాటు కూడా ఇక్కడే పోవాలి, ఎందుకంటే షెడ్డులో కోడి చచ్చిన కబురు నా దగ్గరికి, ఆ షెడ్డు పనివాడికి జ్వరం వచ్చిన కబురు పక్కవీధి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళుతుంది, రెండూ ఒకచోట కలవవు. భోపాల్, పుణె ప్రయోగశాలలు పొరుగు దేశాల నమూనాలను ముందే కుదిరిన అనుమతితో తీసుకోవాలి, ఫలితం మొదట ఆ దేశానికే చెప్పాలి, ఆ వైరస్ మీద ఆ దేశపు శాస్త్రవేత్తల పేరే ముందుండాలి. మనం పెద్దన్నలా కాకుండా పొరుగింటివాడిలా ప్రవర్తిస్తేనే అది నిలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, నాలుగు దేశాలూ తలా కొంత వేసి పరిహార నిధి పెట్టుకోవాలి. సరిహద్దుకు దగ్గరి జిల్లాల్లో రోగం గురించి మొదట చెప్పిన రైతుకు, ఏ దేశపు రైతయినా సరే, వారం లోపల డబ్బు చేతిలో పడాలి. 2008లో బెంగాల్‌లో పూడ్చిన 40 లక్షల పక్షుల ఖరీదు ముందు ఆ నిధి ఏపాటిది?

షెడ్డు కడిగించి, సున్నం వేయించి, నెలల తరబడి ఖాళీగా ఉంచి, చిన్నాన్న మళ్లీ పిల్లల్ని దింపారు. ఈసారి ఒక షెడ్డులోనే. మొన్న వెళ్లినప్పుడు గేటు దగ్గర కాళ్లు ముంచుకోవడానికి మందునీళ్ల తొట్టి కట్టించి ఉంది, నా చెప్పులు విప్పించి గాని లోపలికి రానివ్వలేదు. టీ తాగుతూ బంగ్లాదేశ్ సంగతి, ఆ ఆస్ట్రేలియా పాప సంగతి చెప్పాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు: "అయితే అక్కడ చచ్చిన కోడి గురించి చెప్పిన రైతుకి డబ్బులెవరిత్తారు?" ఎవరూ కలిసి ఇచ్చే ఏర్పాటు లేదని చెప్పాను. "మరి ఆడు ఎందుకు చెప్తాడు?" అన్నారు.